మా బావ వేసిన మూడు వందల నలభై అడుగులు

ఇది రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. మా బావ పోయి నెల కావస్తోంది. ఈ పత్రిక నడిపే పెద్దమనిషి రెండుసార్లు ఇంటికి వచ్చి, "మీ బావ గురించి నాలుగు మాటలు రాసియ్యప్పా" అని అడిగాడు. నాలుగు మాటలే అయితే నా దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి, కాకపోతే అవి అచ్చు వేసే రకం కాదు అని చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను. యాభై ఏళ్లకు పైగా నేనూ ఆయనా ఒకరినొకరు సహించలేదు. చచ్చిపోయినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు. నేను ముందు పోయుంటే నా గురించి ఆయన ఇదే మాట అనేవాడు, అదీ శవం లేవకముందే అనేవాడు.

అయినా రాస్తున్నాను. రెండు నెలల కింద ఇదే పత్రికలో, ఇదే చేత్తో ఇంకొకటి రాశాను కాబట్టి. మారికుప్పం దాటాక కొత్తగా పెట్టిన డిస్క్ గోల్ఫ్ మైదానం ఎలా ఉందో చెబుతూ రాసింది. మీరంతా చదివి నవ్వారు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో చింతపండు అంగడాయన నన్ను నిలబెట్టి, "ఏం సామీ, బావను బండకేసి ఉతికినావే!" అని ఒక గుప్పెడు ఎక్కువ వేశాడు. అప్పుడు నవ్వినవాళ్లు ఇది కూడా చదవాలి. చదవకపోతే నవ్విన నవ్వు వెనక్కి ఇచ్చేయాలి.

ఆయన మా అక్క మొగుడు. బంగారు గనిలో టింబరింగ్ మేస్త్రి. అంటే లోపల రాయి తవ్వి తీసిన చోట పైకప్పు మీద పడకుండా దుంగలు నిలబెట్టే మనుషులకు పెద్ద. నేను పైన ల్యాంప్ రూములో గుమాస్తాను. షిఫ్టుకు దిగే ప్రతివాడికీ నెత్తికి పెట్టుకునే దీపం ఇచ్చి, పైకొచ్చాక లెక్కచూసి తీసుకునే ఉద్యోగం. లోపలికి దిగిన వాళ్లకు దిగని వాళ్లంటే ఎంత చులకనో, ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లు రోజుకు రెండుసార్లు నా కిటికీ ముందు నిలబడి, "ఏమప్పా బామ్మర్దీ, దీపం తుడిచినావా, లేకుంటే పేపరు సదువుకుంటా కూచున్యావా?" అని నలుగురూ వినేట్టు అడిగేవాడు.

పేపరు చదివేవాణ్ణి, నిజమే. నా చదువంతా ఆ కిటికీ వెనకాలే జరిగింది. బడి నాలుగో క్లాసుతో నన్ను వదిలేసింది. ఆ తర్వాత చెన్నపట్నం నుంచి సామాన్ల చుట్టూ చుట్టుకుని వచ్చే పాత కాగితాలే నాకు వాచకాలు. అందుకని ఇప్పటికీ నాకు ఏ కథా మొదలూ తెలియదు, చివరా తెలియదు, నడిమిది మాత్రం కంఠతా వచ్చు. ఆయనకు సంతకం తప్ప రాదు. ఆ సంగతి నేను గుర్తుచేసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "సదివినోడు పైనుంటాడప్పా. పైనున్నోడికి కింద ఏముండాదో తెల్దు. అందుకే నిమ్మళంగా నిద్రపోతాడు."

ఆయనకు ఒక రోగం ఉండేది. కనబడిన దాన్నల్లా తట్టి చూడటం. లోపల పనిలోకి దిగగానే మేస్త్రి చేసే మొదటి పని, ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చెవి పెట్టడం. మంచి రాయి గంట మాదిరి మోగుతుందట. లోపల విడిపోయిన రాయి తప్పెట మాదిరి పలుకుతుందట. ఆ చెవి ఆయన పైకి వచ్చాక కూడా ఊరుకోలేదు. పెళ్లిచూపులకు వచ్చిన రోజున, పిల్లను చూడక ముందే మా ఇంటి పడమటి గోడను వేళ్లతో తట్టి, "మామా, ఈ గోడ లోపల డొల్లగా ఉండాది" అన్నాడు. మా నాయన ముఖం మాడిపోయింది. ఆ వానల్లోనే గోడ కూలింది. అల్లుడు తట్టి తట్టి కూలగొట్టాడని మా నాయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. నేనూ ఆ పక్షమే.

ఒకసారి అందరం కలిసి కురుడుమలె వెళ్లాం. అంత పెద్ద వినాయకుడి ఎదుట జనమంతా చేతులు జోడించి నిలబడితే, ఈయన వెనక్కి వెళ్లి మండపం స్తంభాలను ఒక్కొక్కటీ తట్టుకుంటూ తిరుగుతున్నాడు. పూజారి చూసి మండిపడ్డాడు. "ఏమయ్యా, ఏం జేస్తా ఉండావు ఆడ?" "ఏం లేదు సామీ, చూస్తా ఉండా." "దేవుణ్ణి చూడు! స్తంభంలో ఏముండాది?" "దేవుడు బాగనే ఉండాడు సామీ. ఆయప్ప నెత్తిమింద ఉండేది ఎట్లుండాదా అని." మా అక్క కొంగు మొహం మీదికి లాక్కుంది. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ, ఎవరూ అడగకుండానే, "గట్టిగా ఉండాది. మన మనవళ్ల కాలందాకా భయం లేదు" అన్నాడు, తనే కట్టించి అప్పగించినట్టు.

ఇంక మైదానం సంగతి.

ఈ డిస్క్ గోల్ఫ్ అన్నది ఏమిటంటే, టిఫిను ప్లేటు కన్నా చిన్న ప్లాస్టిక్ చక్రాన్ని పట్టుకుని దూరంగా విసరాలి. అక్కడొక ఇనుప కమ్మీ పాతి, దాని చుట్టూ గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట పెట్టుంటారు. చక్రం గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఎన్ని విసుర్లు పడితే అన్ని మార్కులు, ఎవడికి తక్కువ మార్కులొస్తే వాడు గొప్ప. ఇలాంటి బుట్టలు తొమ్మిది. ఎండలో ఒకదాన్నుంచి ఇంకొకదానికి నడుచుకుంటూ పోయి, మొదలుపెట్టిన చోటికే వచ్చి, డబ్బులు కట్టినందుకు సంతోషపడాలి. ఒకప్పుడు ఈ ఊళ్లో తెల్లదొరలు కర్రతో బంతిని కొట్టి దాని వెనకాల నడిచేవాళ్లు. వాళ్లకైనా ఆ కర్ర మోయడానికి మనం ఉండేవాళ్లం. ఇందులో అదీ లేదు.

పెట్టింది మా వీధి పిల్లే. వాళ్ల తాత గనిలోకి మనుషుల్ని దింపే ఇనుప బోనుకు ఇంజను నడిపేవాడు. ఈ పిల్ల పొద్దున్నే మారికుప్పం బండెక్కి బెంగళూరు పోయి, రాత్రికి వచ్చి పడుకునే ఉద్యోగం ఆరేళ్లు చేసి, ఆ ఆటను అక్కడెక్కడో నేర్చుకుని, ఒక ప్రైవేటు ఆసామి బీడును లీజుకు తీసుకుంది. సర్కారు తుమ్మ కొట్టించింది. నీలగిరి చెట్లు మాత్రం ఉంచింది. మొదలెట్టే ముందు ఊరి పెద్దవాళ్లు ఆడి, బాగోగులు చెప్పాలని నన్ను పిలిచింది. రాసే అలవాటుంది కదా, పత్రికలో వేస్తానని ఆశ. మా బావను ఎవరూ పిలవలేదు. అందుకే వచ్చాడు.

ఆ రోజు మేమిద్దరం తొమ్మిది బుట్టలూ ఆడాం. నా మొదటి చక్రం నా వెనక్కి పోయింది. రెండోది నీలగిరి చెట్టుకు తగిలి ముక్కలాటలో పందెం ఓడినట్టు కింద పడింది. మా బావ చక్రాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటుగా వేలితో తట్టి, "డొల్ల" అన్నాడు. తర్వాత చెయ్యి పెద్దగా ఊపకుండానే వదిలాడు. అది పోయి బుట్ట పక్కన కూర్చుంది.

"యాడ నేర్చినావు బావా?" అన్నాను, కడుపు మండుతుంటే.

"దీపాలు తుడిస్తే చెయ్యి యాడ సాగుతాదప్పా!"

నాకు అరవై మూడు వచ్చాయి, ఆయనకు నలభై ఒకటి. తక్కువే గొప్ప అని మొదట్లోనే చెప్పాను కదా.

ఇప్పుడు నా తీర్పు మళ్లీ చెబుతాను, అప్పుడు రాసిందే. ఒకటో బుట్ట చంటిపిల్లలకు సరిపోతుంది. రెండు, మూడు ఒకే దానికి రెండు పేర్లు. నాలుగోది నీడన ఉంది. పక్కనే సిమెంటు బెంచీ, మంచినీళ్ల డ్రమ్ము ఉన్నాయి కాబట్టి ఆటగాళ్లంతా అక్కడే చేరి గుంపుగా కూర్చుంటారు. మైదానంలో నాకు నచ్చింది అదొక్కటే. ఐదోది మోకాళ్లున్న వాళ్లకు. ఆరోది చిన్న మిట్ట మీద. అక్కడ నిలబడితే బంగారం తీశాక మిగిలిన రాతిపిండి పోసిన సైనైడ్ దిబ్బ మొత్తం తెల్లగా కనిపిస్తుంది, గాలి తోలితే అదే కళ్లలోకి వస్తుంది. ఆ పిల్లకు ఆరోదంటేనే ప్రాణం. మిగతా మూడు ఆడేసరికి నాకు బుట్టలు కూడా రెండేసి కనబడ్డాయి.

"ఎట్లుంది తాతా?" అని ఆ పిల్ల అడిగింది. నేను గొంతు సర్దుకునే లోపలే మా బావ అందుకున్నాడు.

"అమ్మా, ఈ నేల కింద ఏముండాదో తెలుసునా నీకు?"

"కాగితాల్లో ఏమీ లేదు తాతా. లీజుకు ముందే చూపించినాను."

"కాగితాల్లో ఉండదమ్మా. అదో, కంచె ఆపక్క పాత షాఫ్టు మూసిన దిమ్మె ఉండాది చూడు. ఆ నిలువు బాయిలో దిగితే మొదటి లెవలు, అడ్డంగా పోయే సొరంగం. ఆడినుంచి దక్షిణంగా పట్టాల మింద మూడొందల నలభై అడుగులు పోతే, నెత్తిమింద పైకి తవ్విన గొయ్యి ఒకటి ఉండాది. పైకి తవ్వతా తవ్వతా నేల దగ్గిరికొచ్చి ఆపేసినారు. దాని నెత్తికి దుంగలు కట్టి మట్టి పోసి మూసినారు. ఆ దుంగలు కట్టింది నేనే, మీసాలు రాని కాలంలో. ఇంగ అవి ఉంటాయా?"

"లోపల కొలిచినది బయట ఎట్లా తెలుస్తుంది బావా?" అన్నాను.

"అడుగులు యాడైనా అడుగులేనప్పా."

మర్నాడు పొద్దున్నే ఆ దిమ్మె దగ్గర నిలబడి, దక్షిణంగా చూపు సారించి, చేతులు వెనక్కి కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఆరడుగుల మనిషి, ఎనభై దాటినా నిటారుగా ఉండేవాడు. మూడు వందల నలభయ్యో అడుగు ఆరో బుట్ట ముందర పడింది. "ఇది తీసేయమ్మా" అన్నాడు. ఆ పిల్ల తెల్లబోయింది. ఆదివారం మొదటి పోటీ. బెంగళూరు నుంచి అరవై మంది వస్తున్నారు, కార్డులు అచ్చయ్యాయి, ఆరో బుట్ట ఫోటోనే అన్నిటి మీదా వేయించింది.

ఆదివారం ఆయన ఇంట్లోంచి మడత కుర్చీ మోసుకొచ్చి ఆరో బుట్ట ముందు వేసుకుని కూర్చున్నాడు. పోటీకి వచ్చినవాళ్లు చక్రాలు చేతబట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఆ పిల్ల బతిమాలింది. ఆయన కదలలేదు. నాలుగుసార్లు బతిమాలాక ఏడుపు మొహం పెట్టింది.

అప్పుడు ఆ సలహా ఇచ్చింది నేనే. దాచుకోను. "తవ్వి చూడండి. ఉంటే ఉంది, లేకుంటే మా బావ కుర్చీ మడిచి ఇంటికి పోతాడు" అన్నాను. మంచి బుద్ధితో అన్నది కాదు. జనం ఉన్నారు, ఎండ బాగా ఉంది, ఆయన కుర్చీలో కూర్చుని నన్ను చూసి కూడా చూడనట్టున్నాడు.

మైదానం కాపలా మనిషి గడ్డపారతో తవ్వాడు. మూరెడు లోతులో బండ తగిలింది. పక్కన తవ్వితే అక్కడా బండే. మా బావ లేచి, గడ్డపార తీసుకుని తనే తట్టాడు. గుడి గంట మోగినట్టు మోగింది. మళ్లీ తట్టాడు. మళ్లీ మోగింది. వెనక్కి పోయి, దిమ్మె దగ్గర్నుంచి మళ్లీ నడిచి, మళ్లీ అక్కడికే వచ్చాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో ఫోన్లో తీసుకున్నారు. ఆయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రికే నేను కూర్చుని రాసేశాను. మీరు నవ్విన వాక్యం ఇదే: "మైదానమంతా తిరిగి, తట్టి, తవ్వి చూసిన మీదట తేలిందేమంటే, ఇక్కడ డొల్లగా ఉన్నది మా బావ బుర్ర ఒక్కటే." రాసి, రెండుసార్లు చదువుకుని, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. "వదిన చదువుతుంది" అంది. చదువుతుందనే రాశాను.

అక్క చదివింది. ఆయనకు వినిపించింది కూడా. ఆయన దగ్గర్నుంచి నాలుగు రోజుల తర్వాత అక్క నోట కబురొచ్చింది: "రాసింది బాగుండాది అని చెప్పమన్నాడు. రాయి గట్టిదే అంట. లెక్క కూడా గట్టిదే అంట. రెండూ ఎట్ల గట్టివైతాయో తెలీక నిద్ర పట్టడం లేదు అంట."

తర్వాత కొన్నాళ్లకే మంచాన పడ్డాడు. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. ఈ ఊళ్లో ఆ రోగానికి పేరు పెట్టాల్సిన పని లేదు. అక్క ఒక్కతే ఉంది కాబట్టి నేను మధ్యాహ్నాలు పోయి కూర్చునేవాణ్ణి. ప్రేమతో కాదు. అక్క గంటసేపు నడుం వాల్చుకోవాలి, అంతే. మాకు మాటల్లేవు. వెలుతురు కళ్లకు పడదని కిటికీలు మూసేసి, ఆ చీకటి గదిలో ఆయన మంచం మీద, నేను స్టూలు మీద. బచ్చలికి, అదే స్నానాల గదికి, పోవాలంటే మాత్రం నా భుజం పట్టుకునేవాడు. అప్పుడు చూశాను ఆయన నడక. ఆరడుగుల మనిషి కోడిపిల్ల మాదిరి చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఒక్కొక్కటీ కాలితో వెతికి వెతికి పెట్టేవాడు. గొంతులో లెక్క కూడా పెట్టుకునేవాడు. రోజూ సరిగ్గా పదకొండు. పదకొండు అనగానే తలుపు గడియ మీద చెయ్యి వేసేవాడు, చూడకుండానే. చేతగానితనం అనుకున్నాను. లోపల్లోపల కొంచెం సంతోషించాను కూడా.

ఒక రోజు ఆయనే నోరు విప్పాడు. "ఆరోది ఆడతా ఉండారా?"

"ఆడతా ఉండారు. ఏమీ కాలేదు."

"కాకుంటే మంచిదే." చాలాసేపు దగ్గాడు. "నేను కట్టిన దుంగలప్పా అవి. తడి దుంగలు ఇచ్చినారు ఆ పొద్దు. ఎండినవి కావాలంటే మేస్త్రి వినలేదు. కొత్తోణ్ణి, నోరెత్తలేక కట్టేసినా. వేరేవాళ్లు కట్టుంటే నిమ్మళంగా పడుకుందును. నా పని నాకు తెలుసును గదా."

దగ్గుకు అక్క లేవకూడదని నీళ్ల చెంబు అందించాను. మూడో రోజు మధ్యాహ్నం, నేను టీ తాగడానికి వీధిలోకి పోయినప్పుడు ఆయన పోయాడు. అందులో కూడా నాకు అవకాశం ఇవ్వలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, భోజనాల దగ్గర బంధువుల ముందు నేను నోరు పారేసుకున్నాను. అంత పొగరుగా నడిచిన మనిషి చివరికి కోడిపిల్ల అడుగులు వేశాడని. అక్క విస్తరి ముందు నుంచి తలెత్తింది.

"ఒరే, అది చేతగాక కాదురా."

"మరింకేంది?"

"లోపల అందరూ అట్లే నడుస్తారంట. పట్టాల మధ్యన అడ్డంగా స్లీపరు దుంగలుంటాయి గదా, ఒక్కో దుంగ మిందే కాలు పెట్టల్ల. తప్పితే నడిమి నీళ్లల్లో పడి కాలు విరుగుతాది. చీకటి పడితే మన ఇంట్లో కూడా ఆయన అదే నడక. వెలుగుంటే పెద్దడుగులు, చీకటైతే చిన్నడుగులు. పెండ్లైన కొత్తల్లో నేను నవ్వితే, 'నేను యాడ మార్చి నడిచినానే?' అని నన్నే తిట్టె. ఆయనకే తెలీదురా."

పాయసం గ్లాసు కింద పెట్టాను.

మూడు వందల నలభై ఆయన లెక్కపెట్టింది చీకట్లో, దుంగ నుంచి దుంగకు. మైదానంలో నడిచింది ఎండలో, ఆరడుగుల మనిషి అంగలతో. రాయీ గట్టిదే, లెక్కా గట్టిదే. జీవితమంతా రెండు నడకలు నడిచి, రెండున్నాయని తెలియక, నిద్ర లేకుండా పోయాడు మనిషి. అంటే ఆ గొయ్యి ఉంది. ఆరోదానికి చాలా ముందే ఉంది.

ఇప్పుడు చెప్పేది నా గురించి. ఈ సంగతి తెలిసి కూడా మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన గెలుస్తాడు. నేను రాసిన ఒకే ఒక్క మంచి వాక్యం కుక్క ముట్టిన విస్తరి అయిపోతుంది. చింతపండు అంగడాయన ముందు ఎట్లా తలెత్తాలి? ఇంతకు మించిన కారణం ఏదీ లేదు. మంచి కారణం ఉందేమోనని మూడు రోజులూ వెతికాను. నాలుగో రోజున ఆ పిల్లే వీధిలో ఎదురుపడి, "తాతా, వచ్చే ఆదివారం మల్లా పోటీ. ఈసారి తొంభై మంది. మీరు కూడా రావల్ల, నాలుగో దాని దగ్గర నీడలో కూచుందురు" అంది. నేను ఆమెను అక్కడే నిలబెట్టి అంతా చెప్పేశాను. ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. కానీ "చూద్దాం తాతా" అన్న మాట మాత్రం వెంటనే అంది. ఇంజను డ్రైవరు మనవరాలు.

ఆయన అడుగు ఎంతుందో కొలవడానికి మనిషి లేడు. ఇల్లుంది. ఇద్దరం అక్క ఇంటికి పోయాం. మంచం ఇంకా తీయలేదు. అక్క పూలు కట్టే దారం ఉండ తెచ్చింది. మంచం కోడు దగ్గర ఆమె ఒక కొన పట్టుకుంటే, బచ్చలి తలుపు గడియ దాకా నేను రెండో కొన లాగాను. దాన్ని పదకొండు మడతలు వేయాలి. నేను వేస్తే పది వచ్చింది, తర్వాత పన్నెండు వచ్చింది. "ఇటియ్యి, లెక్కల మొగోడా" అని అక్క లాక్కుని, మూరలు కొలిచే చేతులతో రెండు నిమిషాల్లో సమంగా మడిచింది. ఒక మడత మూరంపావు ఉంది. అంత కొలతకు ఒక వెదురు పుల్ల కోసుకున్నాం. పుల్ల నరుకుతుంటే అక్క, "అంతేనా ఆయప్ప అడుగు?" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకోలేదు. దారం మళ్లీ ఉండ చుట్టి దేవుడి గూట్లో పెట్టింది.

శనివారం పొద్దున షాఫ్టు దిమ్మె దగ్గర్నుంచి మొదలుపెట్టాం. ఆ పిల్ల పుల్ల వేస్తూ పోయింది, నేను పక్కన లెక్క. నూట పది దగ్గర నాకు అనుమానం వస్తే మళ్లీ మొదటికి పోయాం. ఎండెక్కింది. రెండు వందలు దాటాక ఆ పిల్ల తలెత్తి ముందుకు చూసింది. నాకూ కనబడుతోంది ఎటు పోతున్నామో. మూడు వందల నలభయ్యో పుల్ల నాలుగో బుట్టకూ సిమెంటు బెంచీకీ నడుమ పడింది. మైదానంలో నాకు నచ్చింది అదొక్కటే అని రాశానే, ఆ చోటు.

"తవ్వుదామా తాతా?"

"నువ్వు దూరంగా ఉండమ్మా."

ఆమె ఒప్పుకోలేదు. కాపలా మనిషిని పిలిచి, అతని నడుముకు తాడు కట్టించి, రెండో కొన నీలగిరి చెట్టుకు తనే కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసింది. ఆయన గడ్డపార ఎత్తి వేశాడు. మొదటి మూడు దెబ్బలకు మట్టే వచ్చింది. నాలుగో దెబ్బకు చప్పుడు మారింది. నాకు రాయి సంగతి తెలియదు, నా చెవి చదువుకున్న చెవి. అయినా ఆ చప్పుడు తెలిసింది. ఐదో దెబ్బకు గడ్డపార ఆయన చేతుల్లోంచి జారి నేలలోకి పోయింది. నిటారుగా, ఎవరో కిందినుంచి లాక్కున్నట్టు. కింద పడిన చప్పుడు కోసం ముగ్గురం చెవులు పెట్టి నిలబడ్డాం. రాలేదు. ఆ కన్నంలోంచి చల్లటి గాలి వచ్చి, చుట్టూ ఉన్న ఎండుటాకులు కదిలాయి.

కాపలా మనిషి మెల్లగా వెనక్కి నడిచి వచ్చి తాడు విప్పుకున్నాడు. "పోయిన ఆదివారం ఈ బెంచీ మింద పద్నాలుగు మంది కూచునిండ్రి" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

అందుచేత, పత్రిక చదివేవాళ్లకు తెలియజేయునది: రెండు నెలల కింద నేను రాసిన వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. మైదానం మీద తీర్పులో మిగతాదంతా నిలబడుతుంది. మా బావ మీద నా అభిప్రాయం కూడా చాలా వరకు నిలబడుతుంది. ఆయన పొగరుబోతు, నోటి దురుసు మనిషి, నా చదువును ఒక్కరోజు కూడా గౌరవించలేదు. కానీ తాను కట్టిన పని మీద తనకే నమ్మకం లేదని నలుగురి ముందూ కుర్చీ వేసుకుని కూర్చోగలిగిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. నేను మూడు రోజులు నోరు మూసుకున్నవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలుసు.

పోటీ రద్దయింది. తొంభై మందికి ఆ పిల్ల ఒక్కొక్కరికీ తనే ఫోను చేసి చెప్పింది. గనుల ఆఫీసుకు అర్జీ పెట్టింది. ముళ్లకంచె వేయించింది. సోమవారం పొద్దున ఒక టెంపో వచ్చింది. ఇద్దరు మనుషులు తాడు ఉచ్చు వేసి, దూరం నుంచి నాలుగో బుట్టను లాగి పడగొట్టి, ఈడ్చుకుంటూ తెచ్చి బండిలో వేశారు. ఒకడు గొలుసులు మోగకుండా వాటి చుట్టూ గోనెపట్టా చుట్టాడు. బండి రాబర్ట్‌సన్‌పేట వైపు వెళ్లిపోయింది.